ఇంటి కూర

తలనొప్పి ఎవరికి రాదు చెప్పండి! "కాస్త బామ్ రాసుకుని వేడి కాఫీ తాగితే పోయేదానికి ఇంత గోలా?" అనే మహానుభావులు జగ్గయ్యపేటలో వీధికి నలుగురున్నారు. వాళ్లకి పార్శ్వపు నొప్పి ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి రావాలి. కళ్ల ముందు మెరుపులు మెరిసి, ఎడమ కణతలో రోకలిపోటు మొదలై, పక్కింటి కుక్కర్ విజిల్‌కి కూడా కడుపులో దేవేస్తుంటే అప్పుడు తెలుస్తుంది. వైదేహికి పదహారేళ్లుగా తెలుసు.

వైదేహి నందిగామలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. పొద్దున్నే ఏడింటి బస్సెక్కితే మళ్లీ ఇల్లు చేరేది సాయంత్రం ఆరింటికి. పదేళ్లుగా పదో తరగతి ఆమెదే. లెక్కలంటే చెమటలు పట్టే పిల్లాడు కూడా ఆమె క్లాసులో ముందు బెంచీ కోసం పోట్లాడేవాడు. ఇంట్లో ఉండేది తనూ భర్త ఉమాకాంతమూ, ఇద్దరే. ఏ మాట మొదలుపెట్టినా చివరికి పదో తరగతి దగ్గరికే వచ్చేది.

పోయిన వేసవిలో విజయవాడలో పెద్ద డాక్టరుకి చూపించుకుంది. ఆయన మాత్రలు రాసి, "వేళకి తినండి, వేళకి పడుకోండి, నీళ్లు బాగా తాగండి" అన్నాడు. "ఒక్కొక్కరికి ఒక్కో తిండి పడదమ్మా. నిలవ పచ్చళ్లు, పులిసినవి, బయటి కూరల్లో వేసే టేస్టింగ్ సాల్ట్, వీటి మీద ఓ కన్నేసి ఉంచండి. ఏ రోజు ఏం తిన్నారో, ఎప్పుడు నొప్పి వచ్చిందో రాసుకోండి. మీకు పడనిదేదో మీకే దొరుకుతుంది."

పక్కనే కూర్చున్న ఉమాకాంతం అన్నిటికీ తల ఊపాడు. సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసులో ఉద్యోగం, అయిదింటికల్లా ఇంటికొచ్చేస్తాడు. తిరుగు బస్సులోనే ప్రకటించాడు: "సాయంత్రం వంట ఇక నాది. నువ్వొచ్చేసరికి కూర సిద్ధంగా ఉంటుంది. సరేనా?"

ఆహా, ఏం మొగుడండీ! అన్నంత పనీ చేశాడు. వైదేహి గుమ్మంలో అడుగుపెట్టేసరికి వంటింట్లోంచి కమ్మటి పోపు వాసన. మూత తీస్తే ఓ రోజు గుత్తివంకాయ, ఓ రోజు దోసకాయ పప్పు, పైన తాజా కరివేపాకు. స్టాఫ్‌రూమ్‌లో చెప్పుకుని మురిసిపోయింది. "మా ఆయనకి గ్యాస్ వెలిగించడం కూడా రాదక్కా. నువ్వు పెట్టి పుట్టావు" అంది సైన్సు చెప్పే మహిమ.

పెట్టి పుట్టిందో లేదో గానీ, నొప్పి మాత్రం పెరిగింది. నెలకి రెండుసార్లు వచ్చేది వారానికి రెండుసార్లయింది. వైదేహి లెక్కల మనిషి కదా, గళ్లు గీసుకుని మరీ రాసేది. కాఫీ ఎన్ని గుటకలు, మజ్జిగ ఎంత పులుపు, అన్నీ రాసేది. రాత్రి భోజనం గడిలో మాత్రం రోజూ ఒకటే మాట: ఇంటి కూర. ఇంట్లో వండిన కూరని అనుమానించే ఆడది మన వైపు ఇంకా పుట్టలేదు లెండి!

అనుమానం ముందు మాగాయ మీద పడింది, మానేసింది. తర్వాత పెరుగు. తర్వాత కాఫీ, అది మానిన మూడు రోజులూ మనిషి మనిషిలో లేదు. పిల్లలు పుట్టినరోజుకిచ్చే చాక్లెట్టు మానింది, వాసన పడదేమోనని మల్లెపూలు కూడా మానింది. ఎవరేం చెబితే అది చేసింది. నుదుటికి శొంఠి గంధం పట్టించింది. ధనియాల కషాయం తాగింది. పెనుగంచిప్రోలు నుంచి ఎవరో చెప్పారని ముక్కులో నేతి చుక్కలు కూడా వేసుకుంది. తడిగుడ్డ కళ్ల మీద వేసుకుని చీకటి గదిలో పడుకుంటే కాస్త నయం, అంతే. ఒక్కొక్కటి మానేసినప్పుడల్లా ఉమాకాంతం, "అదే అయ్యుంటుంది, మానెయ్" అనేవాడు.

నొప్పొచ్చినప్పుడల్లా పెట్టి పెట్టి సెలవులన్నీ అయిపోయాయి. జనవరిలో, పబ్లిక్ పరీక్షలు రెండు నెలల్లో ఉన్నాయనగా, వైదేహి తనే హెడ్మాస్టరు గదిలోకి వెళ్లింది. "నావల్ల పిల్లలు నష్టపోతున్నారండి. పదో తరగతి ఇంకెవరికైనా ఇచ్చెయ్యండి." ఆయన కాదనలేదు. కొత్తగా వచ్చిన రవితేజకి పదో తరగతి, ఈమెకి ఆరో తరగతి. నందిగామలో బస్సెక్కినావిడ చిల్లకల్లు దాకా కిటికీ వైపే తిరిగి ఏడ్చింది.

ఆ రోజే ఉమాకాంతానికి ఫ్యాక్టరీలో ఆలస్యమైంది. వైదేహి వీధి మలుపు తిరుగుతుంటే కర్రీ పాయింట్ రత్నబాబు కేకేశాడు.

"మేడమ్ గారూ! సార్ ఇంకా రాలేదండి. మీ కూరలు కట్టి పెట్టా, తీస్కెళ్తారా?"

"మా కూరలేంటి బాబూ?"

"రోజూవేనండి. జూన్ నుంచీ మీ ఇంటికి మా కూరలేగా! పోపు మాత్రం ఇంటికెళ్లి తాజాగా పెట్టుకుంటారు సార్."

వైదేహి పొట్లాల వైపు చూసింది. "వీటిల్లో టేస్టింగ్ సాల్ట్ వేస్తావా?"

"అబద్ధమెందుకండీ, వేస్తా. వెయ్యకపోతే ఎవరూ కొనరు. సార్ మొదట్రోజే అడిగారు, ఉందనే చెప్పా. సర్లే అని తీసుకెళ్లారు."

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. తెలియక తెచ్చాడంటే ఏదోలా సర్దుకునేది పిచ్చి తల్లి. అడిగి, తెలుసుకుని, తెచ్చాడు! ఆ పొట్లాలు ముట్టుకోకుండానే ఇంటికొచ్చి, లైటు కూడా వేసుకోకుండా కూర్చుంది. ఒళ్లు మండిపోతోంది, కన్నీళ్లు మాత్రం రావడం లేదు.

ఉమాకాంతం వచ్చాడు. ఆమె మొహం చూడగానే అర్థమైంది.

"మొదటి వారం నిజంగానే వండా వైదేహీ. అన్నీ మాడిపోయాయి. ఒక్క పూటకని తెచ్చా. నువ్వు ఎంత బాగుందో అన్నావు. మర్నాడు స్కూలంతా చెప్పావు. ఇంకెట్లా చెప్పను? అయినా దానివల్లే వచ్చిందని గ్యారంటీ ఏంటి?"

"నాకు తెలీదు. ఆ తెలుసుకోడానికేగా ఇన్నాళ్లూ నోరు కట్టేసుకుంది! తెలుసుకోనిచ్చారా మీరు?"

"రేపే హెడ్మాస్టర్ గారితో మాట్లాడతా. క్లాసు మళ్లీ నీకే ఇమ్మంటా."

"వద్దు. పరీక్షల ముందు ఆ పిల్లల్ని అటూ ఇటూ తిప్పకండి. నా క్లాసు పోయింది, అంతే." "మొన్న గురువారం నొప్పొచ్చి మీ ఒళ్లో తల పెట్టుకుని పడుకున్నా. 'ఇవాళేం తిన్నావే, పాపం' అనడిగారు. రాగిజావ, అరటిపండు, బీరకాయ అంటూ పొద్దుటి నుంచి తిన్నవన్నీ గుర్తుచేసుకుని చెప్పా. ఆ నొప్పిలో కళ్లు మూసుకుని ఒక్కొక్కటే చెప్పానండీ. మీరు తల నిమురుతూ విన్నారు."

వైదేహి లేచి వంటింట్లోకి వెళ్లింది. బియ్యం కడిగి, ఒక్క మనిషికి సరిపడా ఎసరు పెట్టుకుంది.