పత్తి దేశం

చేవెళ్ల నుంచి మొయినాబాదు దాకా ఊరూరా వెతకండి, ఇంగ్లీషు బొమ్మల పుస్తకాలను నా అంత బాగా చదివే ముసలివాడు దొరకడు. మనవరాలు బడి నుంచి ఏ పుస్తకం తెచ్చినా అట్ట నుంచి అట్ట దాకా గడగడా చదివేసేవాణ్ణి. పులి ఉంటే గాండ్రించేవాణ్ణి. వాన ఉంటే చెంబులో నీళ్లు చిలకరించేవాణ్ణి.

ఇందులో కొంత కోత వేసుకోవాలి. ఇంగ్లీషు అక్షరాలు విడివిడిగా కనిపిస్తే గుర్తుపడతాను. నాలుగు ఒకచోట చేరాయంటే నాకూ వాటికీ పొత్తు కుదరదు. నేను చదివింది బొమ్మలనే. ఆ సంగతి మా ఆవిడకు తెలుసు, ఒకటో తరగతి పిల్లకు తెలియదు.

కొడుకూ కోడలూ గండిపేట వైపు ఉద్యోగాలకు పోయి చీకటి పడ్డాక వస్తారు. బస్సు దిగిన పిల్ల పుస్తకం చంకన పెట్టుకొని నా దగ్గరికే వచ్చేది. మోకాళ్లు పొలం పని మాన్పించాక నాకు మిగిలిన కొలువు అదొక్కటే. అవి పత్తి ఏరిన రోజులు. ధర వచ్చేదాకా ఆగుదామని మా ఆవిడ ముందరి గది నిండా కుప్ప పోయించింది. మేమిద్దరం ఆ కుప్పకే వీపులు ఆనించి కూర్చునేవాళ్లం. పిల్ల జడలో పత్తి, నా మీసాల్లో పత్తి.

ఆ రోజు తెచ్చింది దేశదేశాల పిల్లల ఇళ్ల పుస్తకం. ఒక పేజీ తిప్పితే అంతా తెలుపు.

"ఇదేంది తాతా?"

"పత్తి దేశం, బిడ్డా."

"గింత పత్తా!"

"మరేమనుకున్నవ్? ఒక్కొక్క చేను మన చేవెళ్లంత ఉంటది."

తలమీది నుంచి కాళ్ల దాకా బొచ్చుకోటు కప్పుకున్న మనిషిని చూపించింది.

"ఈయన చేనుకు పురుగు మందు కొట్టనీకి పోతున్నడు. గట్ల కప్పుకోకుంటే మందు ముక్కులకు పోతది."

"మరి బండికి కుక్కలను ఎందుకు కట్టిండ్రు?"

"ఎడ్లను అమ్ముకున్నరు, పాపం. మన లెక్కనే."

తెల్లటి గుండ్రటి ఇంటి మీద వేలు పెట్టింది.

"పత్తి మూటలు పేర్చి ఇల్లు కట్టుకున్నరు. ఆడ గూడ ధర రాలే."

మంచు సంగతి నాకు తెలియక కాదు, టీవీలో చూశాను. కానీ మొదట నిజంగానే పత్తి అనుకున్నాను. వీపు వెనకాల అదే ఉంటే ఇంకేం తోస్తుంది? కుక్కల దగ్గరికి వచ్చేసరికి అనుమానం పుట్టింది. అప్పటికే పిల్ల పడీపడీ నవ్వుతోంది. ఆపబుద్ధి కాలేదు.

మర్నాడు తను తరగతిలో నిలబడి పత్తి దేశం కథ చెప్పిందట. పిల్లలంతా ఒకటే నవ్వట. సాయంత్రం వచ్చి సంచి నా కాళ్ల దగ్గర పడేసింది.

"అది పత్తి కాదంట. స్నో అంట. నువ్వు అన్నీ ఉత్తయే చదువుతవ్. ఇగ నాకు చదవకు!"

పిల్ల కుప్పకు ఆ పక్కన కూర్చుని, అక్షరం మీద వేలు పెట్టి తనే కూడబలుక్కోవడం మొదలుపెట్టింది. నేను ఈ పక్కన. నడుమ పత్తి. అక్షరాలు వచ్చేస్తున్న పిల్లకు బొమ్మల తాతతో ఏం పని? నా కొలువు ఊడిందనుకున్నాను.

పాపం, పిల్ల ఏడ్చి ఏడ్చి, బువ్వ కూడా ముట్టకుండా, తాత లేనిదే కథ లేదని తెలుసుకొని, దీపాలు పెట్టే వేళకు కుప్ప చుట్టూ తిరిగి నా దగ్గరికి వచ్చింది.

"ఈ పేజీల ఏమున్నది తాతా?"

"నాకు ఇంగ్లీషు రాదు బిడ్డా. బొమ్మలే చదువుత."

పుస్తకం నా ఒళ్లో పెట్టింది.

"అయితే బొమ్మలే చదువు. ఉత్తదైతే ముందుగాల చెప్పు."

తను వేలు పెట్టిన చోట ఇసుక, గుడారం, ఒంటె.

"ఇది ఉత్తది," అని మొదలుపెట్టాను. "మన పక్కూరు కనకమామిడిల ఒకాయనకు ఒంటె ఉండె..."

పిల్ల నా మోచేతి కిందికి జరిగింది.

ఇంతవరకు రాసి మా ఆవిడకు చదివి వినిపించాను. కందులు చెరుగుతూ విన్నది. చాట కింద పెట్టింది.

"పిల్ల యాడ ఏడ్చింది? కడుపు నిండ తిన్నది. ముద్ద దిగంది నీకు. గోడ దిక్కు మొఖం పెట్టి కూసున్నవ్. 'తాత అలిగిండు, పోయి కథ చెప్పించుకోవే' అని నేను పంపిస్తే వచ్చింది."