సమానమైతే ఆడపడుచుదే

దెయ్యాలూ ఆత్మలూ అంటే నేను నమ్మే మనిషిని కాను. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. దీపాలు పెట్టే వేళ జుట్టు విరబోసుకోవద్దని మా అత్తగారంటే, "ఏం, అప్పుడు ఆరదా అండీ?" అని అడిగి తిట్లు తిన్నదాన్ని. ఇది వేరేవాళ్ళు చెప్పి ఉంటే నా చెవిలో పువ్వులు పెడుతున్నారనుకునేదాన్ని. జరిగింది నాకు కాబట్టి రాస్తున్నాను.

మా తమ్ముడి పేరు వాసు. మా పుట్టిల్లు సామర్లకోట. నాన్నగారు పంచదార ఫ్యాక్టరీలో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. నన్ను రాజమండ్రి ఇచ్చారు. డిగ్రీ అయ్యాక వాసు కూడా రాజమండ్రి వచ్చి, తాడితోట దగ్గర ఒక ఇంటర్నెట్ సెంటర్లో పనికి కుదిరాడు. సందుకో సెంటరు వెలిసిన రోజులవి. ప్లైవుడ్ చెక్కలు అడ్డం పెట్టిన చిన్న చిన్న గదులు, పేజీ తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చు. భోజనం మాత్రం రెండు పూటలా మా ఇంట్లోనే.

వాడికి పేకాటంటే ప్రాణం. డబ్బు పెట్టి ఆడడు. వాడిది ఆట పిచ్చి కాదు, ఆట రూల్స్ పిచ్చి. ఇంటర్నెట్‌లో బ్లాక్‌జాక్ ఆడించే క్యాసినోలు వెతికి పట్టుకుని, వాళ్ళిచ్చే ఉత్తుత్తి బిళ్ళలతో ఆడేవాడు. నిజం డబ్బుతో ఆడాలంటే క్రెడిట్ కార్డు కావాలి. అది మా వంశంలోనే ఎవరికీ లేదు.

ఆట తేలికే. మన ముక్కల విలువ ఇరవై ఒకటికి దగ్గరగా రావాలి, దాటకూడదు. ఎదురుగా పంచే డీలర్ కంప్యూటరే. ఇద్దరిలో ఎక్కువ ఎవరిదైతే వాళ్ళు గెలిచినట్టు. పైకి అన్ని సైట్లూ ఒకేలా కనిపిస్తాయి గానీ ఒక్కోదానిది ఒక్కో పద్ధతి. ఒకచోట పదిహేడు రాగానే డీలర్ ఆగిపోవాలి. ఇంకోచోట ఆ పదిహేడులో ఆసుని పదకొండుగా లెక్కేసి ఉంటే మరో ముక్క తీసుకోవాలి. ఒకచోట మొదటి రెండు ముక్కలకే ఇరవై ఒకటి పడితే రెండుకి మూడు ఇస్తారు, ఇంకోచోట పందెం ఎంతో అంతే. ఒక పేకతో పంచేవాళ్ళు కొందరు, ఎనిమిది పేకలు కలిపి పంచేవాళ్ళు కొందరు. వాసు ఏ సైటు తెరిచినా ముందు రూల్స్ పేజీ మొత్తం చదివేవాడు.

"పెళ్ళిచూపుల్లో పిల్లని చూస్తే సరిపోద్దా అక్కా? ఆ ఇంటి పద్ధతులేంటో కనుక్కోవాలి కదా" అనేవాడు.

ఇద్దరికీ సమానంగా వచ్చినప్పుడు మాత్రం దాదాపు అన్ని చోట్లా ఒకటే రూలు. తెర మీద 'పుష్' అని పడుతుంది, మన బిళ్ళలు మనకి తిరిగొస్తాయి. ఒకటి రెండు సైట్లలో డీలరే లాగేసుకుంటాడట. సమానమైతే ఆడేవాళ్ళకి ఇచ్చేసే సైటు వాడికి ఒక్కటీ దొరకలేదు.

ఆ రూలు మా ఇంట్లో ఉండేది. ఆదివారం భోజనాలయ్యాక వరండాలో చాప వేసుకుని, చింతపిక్కలు పందెం పెట్టుకుని ఆడేవాళ్ళం. డీలర్ వాసే. మొదటి ఆదివారం ఇద్దరికీ పద్దెనిమిది వచ్చింది. నా పిక్కలు నేను వెనక్కి తీసుకోబోతుంటే వాడు తనవి కూడా నా వైపు తోశాడు.

"ఆడపడుచుని ఉత్త చేతుల్తో పంపుతారేంటక్కా? మన దగ్గర సమానమైతే ఆడపడుచుదే."

ఆడపడుచు వస్తే రవికల గుడ్డయినా పెట్టకుండా పంపరు. ఆ ఆచారాన్ని తెచ్చి బ్లాక్‌జాక్‌లో పెట్టాడు, వెధవ. ఇలాగైతే నీ క్యాసినో వారంలో దివాలా తీస్తుందిరా అన్నాను. తియ్యనీ అన్నాడు.

ఆ వానాకాలంలో వాడికి కామెర్లొచ్చాయి. సామర్లకోట వెళితే నాన్నగారు పసరు పోయించారు. మా వైపు కామెర్లంటే ముందు పసరే, ఆసుపత్రి తర్వాత. నాన్నగారికి చిన్నప్పుడు దానితోనే తగ్గిందట. కాకినాడ తీసుకెళ్ళేసరికి చెయ్యి దాటిపోయింది. పెళ్ళి కూడా కాని పిల్లాడు. ఇంతకన్నా రాయడం నావల్ల కాదు. నాన్నగారిని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. ఆయనే అందరి మొహాల్లోకి చూడడం మానేశారు.

కొన్నాళ్ళకి సెంటర్ ఓనరు సుబ్బరాజుగారు కబురు పెట్టారు. వాసు వాడిన కంప్యూటర్లో ఫోటోలేమైనా ఉంటే చూసుకోమన్నారు. స్కూలయ్యాక వెళ్ళాను. ఫోటోలు లేవు. వాడు దాచుకున్న సైట్లు మాత్రం వరసగా ఉన్నాయి. వాడు రోజూ చూసింది ఒకసారి చూద్దామని ఒకటి తెరిచి, ఉత్తుత్తి బిళ్ళలతో ఆడడం మొదలుపెట్టాను.

కాసేపటికి నాకు పంతొమ్మిది, డీలర్‌కీ పంతొమ్మిది వచ్చాయి. పందెం వెనక్కి రావాలి. దాంతో పాటు డీలర్ బిళ్ళలు కూడా అన్నే నా వైపుకి జరిగాయి. నేనే సరిగ్గా చూడలేదనుకున్నాను. మళ్ళీ సమానం వచ్చింది. మళ్ళీ నాకే ఇచ్చింది. రూల్స్ పేజీ తెరిచి చదివాను. సమానమైతే పుష్ అనే ఉంది.

సుబ్బరాజుగారిని పిలిచి ఆడమన్నాను. ఆయన ఆడితే పుష్. అదే కుర్చీలో నేను కూర్చుని ఆడితే నాకే. పక్క కంప్యూటర్ మీద, వేరే సైట్లో ఆడాను. అక్కడా అంతే.

"సాఫ్ట్‌వేర్‌లో ఏదో తేడా ఉండుంటదమ్మా" అన్నారాయన.

"రెండు సైట్లలోనూ ఒకే తేడానా అండీ?" అన్నాను. ఆయన వెళ్ళి కౌంటర్లో కూర్చున్నారు. ఆ సైటువాళ్ళకి మెయిల్ కూడా ఇచ్చాను. మా టేబుళ్ళన్నిటిలోనూ సమానమైతే పుష్ మాత్రమే అని జవాబొచ్చింది.

ఆ తర్వాత శనివారం శనివారం వెళ్ళేదాన్ని. గెలిచినా ఓడినా నాకు పట్టేది కాదు. సమానం ఎప్పుడొస్తుందా అని కూర్చునేదాన్ని. వచ్చినప్పుడల్లా వాడు పక్కనే ఉన్నట్టుండేది, కళ్ళనీళ్ళు పెట్టుకుని నవ్వుకునేదాన్ని. వాడు పోయాక నేను నవ్వింది ఆ ప్లైవుడ్ గదిలోనే.

ఇంతలో ఏడాది తిరిగొచ్చింది. సంవత్సరీకం పెట్టే రోజు చెప్పడానికి నాన్నగారు మా ఇంటికొచ్చారు. సంవత్సరీకం అయ్యేదాకా పోయినవాళ్ళు ఇంటి చుట్టూనే ఉంటారని, అది అయ్యాక పెద్దల్లో కలిసిపోతారని మావాళ్ళంటారు. ఏ నమ్మకమూ లేని నేనే, కొన్నాళ్ళు ఆపమని ఆయన్ని బతిమాలాను. ఎందుకని అడిగారు. చెబితే నమ్మరని సెంటరుకి తీసుకెళ్ళాను.

నాన్నగారు పేక తెలిసిన మనిషి. పక్కన స్టూలు మీద కూర్చోబెట్టి, సైటు రూలేంటో, డీలరే లాగేసుకునే చోట్లేవో, మా ఇంటి రూలేంటో చెప్పి ఆడుతూ కూర్చున్నాను. చాలాసేపటికి ఇరవైకి ఇరవై పడింది. బిళ్ళలు నా వైపు వచ్చాయి. ఆయన చెయ్యి చాపి తెర మీద పెట్టారు.

"నేనొకసారి ఆడనా అమ్మా?" అన్నారు.

ఆయన ఆడితే గెలుపూ ఓటమీ పడుతూ పోయాయి. చివరికి సమానం వచ్చింది. పుష్. ఆయన బిళ్ళలు ఆయనకి తిరిగొచ్చాయి.

"నా దగ్గరేం తీసుకోలేదమ్మా వాడు" అన్నారు. అని భోరున ఏడ్చారు. వాసుని పంపించిన రోజున కూడా ఏడవని మనిషి. కౌంటర్లోంచి సుబ్బరాజుగారు లేచి వచ్చి మంచినీళ్ళిచ్చి వెళ్ళారు.

బయటికొచ్చాక రోడ్డు పక్కన నిలబడి నాన్నగారన్నారు, "నీకు పెట్టడానికే ఉండిపోయాడు పిచ్చి వెధవ. ఎన్నాళ్ళని పెడతాడే? ఇంక వెళ్ళనివ్వమ్మా."

నాకు ఇష్టం లేదు. ఇప్పటికీ లేదు. కానీ ఏడాది తర్వాత మొదటిసారి ఆయన నా మొహంలోకి చూసి అడిగారు. సరేనన్నాను.

సామర్లకోటలో సంవత్సరీకం జరిగింది. అన్నీ అయ్యాక నాన్నగారు వాసు పేరు చెప్పి నాకు చీర పెట్టారు. లేత ఆకుపచ్చది. అది నేనింతవరకు కట్టలేదు.

ఆ శనివారం సెంటరుకి వెళ్ళాను. అదే కుర్చీ, అదే సైటు. చాలాసేపు ఆడాక నాకు పద్దెనిమిది వచ్చింది. డీలర్ ముక్కలు తిరిగాయి. పద్దెనిమిది. మౌస్ మీంచి చెయ్యి తీసేసి చూస్తూ కూర్చున్నాను.

పుష్.

ఇంకో సైట్లో ఆడాను. అక్కడా పుష్. సెంటర్ మూసేదాకా ఆడాను. మళ్ళీ ఒక్కసారి కూడా నాకు ఇవ్వలేదు.

ఆ ఏడాదంతా అలా ఎందుకు జరిగిందో, ఆ రోజుతో ఎందుకు ఆగిపోయిందో నేను చెప్పలేను. కంప్యూటర్లు తెలిసినవాళ్ళని చాలామందిని అడిగాను. ఎవరూ చెప్పలేదు.

సమానం వస్తే ఎవరూ ఏమీ పోగొట్టుకోనట్టే అని రూల్స్ పేజీలో రాసి ఉంటుంది. లెక్కల టీచర్ని, ఆ లెక్క సరైందేనని నాకు తెలుసు. నేను పెట్టిన బిళ్ళలన్నీ నాకు తిరిగొచ్చేశాయి.