ఆరని గడియ

వెంకట్రాజం గురించి మా సుబేదారి గల్లీలో చలామణిలో ఉన్న అబద్ధాలను ముందుగా నమోదు చేయాలి. అతను జనం తలుపుల గడియలు ఊడదీసి పాత ఇనుము కొట్టులో అమ్ముకుంటాడని ఎదురింటి పద్మలత అంటుంది. స్ప్రే రంగు పీల్చి పీల్చి అతని మెదడుకు కూడా మూడు పూతలు పడ్డాయని కాలనీ సంఘం అధ్యక్షుడు వీరభద్రం అంటాడు. పాలు పోసే సమ్మమ్మ వాదన మరీ విచిత్రం. పోయిన జన్మలో అతను దొంగ అట, ఏ తలుపూ తెరుచుకోక పస్తులతో పోయాడట, ఆ కసి ఇప్పుడు తీర్చుకుంటున్నాడట. లా కాలేజీలో ముప్పై ఏళ్ళు సాక్ష్య చట్టం బోధించినవాణ్ణి. విన్న మాటను సాక్ష్యంగా స్వీకరించలేను, పోయిన జన్మలోదైతే అసలే స్వీకరించలేను.

రుజువైన వాస్తవం ఒక్కటే. వన్నె తగ్గిన గడియ కనబడితే వెంకట్రాజం ఊరుకోలేడు. చౌరస్తాలోని గాజుల దుకాణాన్ని కొడుక్కి అప్పగించిన నాటి నుంచి అతని కుడి జేబులో స్క్రూడ్రైవరు, ఎడమ జేబులో ఎమ్రీ పేపరు, చేతిలో బంగారు రంగు స్ప్రే డబ్బా ఉంటున్నాయి. డబ్బా లోపల ఒక గోలీ ఉంటుంది. ఊపితే గలగలమంటుంది. ఆ గలగల వినబడగానే జనం గబగబా తలుపులు మూసుకునేవారు. అది పొరపాటు. తలుపు మూస్తేనే కదా బయటి గొళ్ళెం స్పష్టంగా కనిపించేది!

"పద్మలత చెల్లె, నీ గొళ్ళెం మొకం గట్లున్నదేంది? జరమొచ్చినట్టు!"

"దాని మొకం దానికుండనియ్యే అన్నా! కొత్తది కొనుక్కుంట."

"కొత్తదా!" అని అతను గుండె పట్టుకునేవాడు. "పానమున్న ఇత్తడిని పారేస్తవా? ఒక్క డబ్బ తెస్తె పది తలుపులు పెండ్లిపిల్లల లెక్క అయితయి. రెండు రోజులు ఓపిక వట్టు."

పనిలో మాత్రం అతనికి వంక పెట్టలేం. ఊడదీసిన స్క్రూలను ఇంటి పేరు రాసిన పొట్లంలో కట్టేవాడు. గడియను సబ్బునీళ్ళలో నానబెట్టి, ఇత్తడిదైతే చింతపండుతో తోమి, ఎమ్రీ పేపరుతో రుద్ది, పల్చగా మూడు పూతలు కొట్టి, తీగ కట్టి దండెం మీద ఆరేసేవాడు. "మా ఆయన గడియలు దండెం మీద ఆరుతయి, నా చీరెలు గోడ మీద ఆరుతయి" అని అతని భార్య కట్టమ్మ వాపోయేది.

ప్రమాదాలు జరగలేదని నేను అనను. పద్మలత ఇంటి తాళానికి రంధ్రం కప్పకుండా రంగు కొట్టాడు. ఆ ఇంటిల్లిపాదీ ఒకరోజంతా పెరటి దారిన తిరిగారు. నర్సంపేట నుంచి వచ్చిన వీరభద్రం బావమరిది, ధగధగలాడే హ్యాండిల్ చూసి ఇది మా బావ ఇల్లు కాదనుకుని, గల్లీ రెండుసార్లు తిరిగి, హోటల్లో భోంచేసి వెళ్ళిపోయాడు. ఓటు వేయడానికి వెంకట్రాజం ఎడమ చెయ్యి చాపితే, ఆ చూపుడువేలు అప్పటికే బంగారు రంగులో మెరుస్తుండటంతో అక్కడి అధికారి సిరా ఎక్కడ పెట్టాలో తెలియక కళ్ళజోడు తుడుచుకున్నాడు.

ఇక నా ఫిర్యాదు.

పోయిన జూన్‌లో నాకు అప్పుడప్పుడూ తల తిరిగేది. స్నానాల గదికి గడియ పెట్టుకోవద్దని డాక్టరు చెప్పారు. గడియ లేని స్నానం సభ్యత కాదని ఆయనకు వివరించాను. నా భార్య సావిత్రి కూడా చెప్పింది. ఆమెకు మరింత వివరంగా వివరించాను. ఆ వారమే వెంకట్రాజం వచ్చి, ఆ గడియ మీద ఆవగింజంత తుప్పు కనిపెట్టి, నేను కళ్ళజోడు వెతుక్కునేలోగా ఊడదీశాడు.

"రెండు రోజులు నేను స్నానం ఎలా చేయాలయ్యా?"

"గట్టిగ ఏదన్న చదువుండ్రి సారూ. లోపట మనిషున్నడని ఎరుకైతది. ఎవ్వలు రారు. ఫికర్ జెయ్యకుండ్రి."

సలహా సహేతుకంగానే తోచింది. మర్నాటి నుంచి సాక్ష్య చట్టాన్ని ఒకటో సెక్షను నుంచి బిగ్గరగా చదువుతూ స్నానం చేయసాగాను. రెండు రోజులు గడిచాయి. రెండు నెలలు గడిచాయి.

"ముసురు వట్టింది సారూ. ఆరలే."

డిసెంబరులో అడిగాను.

"మంచు సారూ. ఆరలే."

దసరా నాటికే గల్లీకంతా చట్టం వచ్చేసింది. "సారు ఇంక ముప్పై రెండో సెక్షన్లనే ఉన్నడు, సబ్బు గూడ వెట్టలే, జరసేపు ఆగి రా" అని సమ్మమ్మ నా కోసం వచ్చినవాళ్ళను గేటు దగ్గరే ఆపేసేది. ఈ మే నెలలో, రోడ్డు మీద తారు కరుగుతున్న మధ్యాహ్నం, నేను అతన్ని నిలదీశాను.

"ఇంత ఎండలోనూ ఆరలేదా?"

"గదే తిప్పలైంది సారూ! ఎండకు పైన ఆరింది, లోపట ఆరలే."

ఆ సాయంత్రమే కాలనీ సంఘానికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాను. ఇకపై వెంకట్రాజం గల్లీలో ఏ తలుపునూ ముట్టుకోరాదని ఆదేశించాలని కోరాను. అందరి గడియలూ రెండు రోజుల్లో తిరిగిరాగా నాది పదకొండు నెలలు ఎందుకు రాలేదు అన్న ప్రశ్న కూడా అందులో రాశాను. జవాబు కోసం మాత్రం వెతకలేదు. అది నా విచారణలో లోపం. విచారణ ఆదివారానికి పడింది. "తలుపులు ముట్టొద్దంటే ఇంక నేనేం జెయ్యాలె?" అని అతను అడిగాడట. తర్వాత గల్లీలో గోలీ చప్పుడు వినబడలేదు.

శుక్రవారం ఉదయం, అరవయ్యో సెక్షను మధ్యలో, బకెట్టూ గోడా కప్పూ ఒకదాని వెంట ఒకటి నా చుట్టూ తిరిగాయి. కూలబడ్డాను. చదువు ఆగింది. మరుక్షణం సావిత్రి వేలితో తలుపు నెట్టి లోపలికి వచ్చేసింది. నా ఒంటిమీద తువ్వాలు ఉన్నదని ఇక్కడ స్పష్టం చేస్తున్నాను.

"నువ్వెలా వచ్చావు?" అన్నాను, మంచం మీదికి చేరాక.

"నీ సదువు ఆగింది. ఉరికొచ్చిన. రోజూ తలుపు బయట కుర్సీ ఏసుకోని కూసుంట గదా!"

"పదకొండు నెలలుగా?"

"మరి? డాక్టర్ మాట ఇనవు, నా మాట ఇనవు. ఎంకట్రాజమన్నకు చెప్పుకున్న. 'నాకొచ్చింది రంగేసుడొక్కటే చెల్లె, గదే జేస్త' అన్నడు. ఎవ్వలికి చెప్పొద్దని ఒట్టేయించుకున్న. సారు ఇజ్జత్ పోతదని నోరు ఇప్పలే, పాపం. నువ్వేమో ఫిర్యాదు రాసినవు!"

డాక్టరు మాత్ర మార్చారు. నా ఫిర్యాదును మార్చడానికి వ్యవధి లేకపోయింది.

ఆదివారం అందరూ చేరారు. వెంకట్రాజం న్యూస్‌పేపర్లో చుట్టిన గడియను బల్ల మీద పెట్టి చేతులు కట్టుకున్నాడు. నా తల తిరిగే సంగతి చెబితే అతను ఆ క్షణమే నిర్దోషిగా బయటపడతాడు. చెప్పలేదు.

"ఎందుకియ్యలే?" అన్నాడు వీరభద్రం.

"ఆరలే."

నవ్వులు. పద్మలత లేచింది. "ముట్టుకుంటె తెలుస్తది గద! సారూ, మీరే ముట్టి చూడుండ్రి. మీరు అబద్ధమాడరు."

గడియ అచ్చం పెళ్ళిపిల్లలా మెరుస్తోంది. వేలు ఆనించాను. రాయిలా ఆరి ఉంది. వెంకట్రాజం నా వంక కాక పైన తిరిగే ఫ్యాను వంక చూస్తున్నాడు.

"ఆరలేదు," అన్నాను. నమ్మకం కుదిరేందుకు వేలిని రుమాలుతో తుడుచుకున్నాను కూడా. "లోపల పచ్చిగానే ఉంది. ఇంకా కొంతకాలం పడుతుంది. ఫిర్యాదు ఉపసంహరించుకుంటున్నాను."

వెంకట్రాజం గడియను మళ్ళీ చుట్టుకున్నాడు. గుమ్మం దాటబోతూ ఆగి, సంఘం గది తలుపు హ్యాండిల్ వంక జాలిగా చూశాడు. జేబులోకి చెయ్యి పోయింది.

"వద్దొద్దు, ఇది మొన్ననే కొత్తది పెట్టినం!" అని వీరభద్రం కేకేసేలోగా రెండు స్క్రూలు వచ్చేశాయి.

నా తీర్పు ఇది. వెంకట్రాజం మా గడియను దొంగిలించలేదు, అమ్ముకోలేదు, మరిచిపోలేదు. రెండు రోజుల్లో రంగు వేసి, పదకొండు నెలలు తన దగ్గర దాచిపెట్టి, నన్ను కాపాడాడు. రంగు కూడా బాగా వేశాడు.