లెన్సు మార్చేలోపు

నా ఎడమ భుజం కుడి భుజం కంటే రెండంగుళాలు కిందికి ఉంటుంది. చొక్కా కొలతలు తీసే ప్రతిసారీ దర్జీ టేపు పట్టుకుని తల గోక్కుంటాడు. ఏళ్ళ తరబడి పెద్ద కెమెరా, మూడు లెన్సులు, ఫ్లాషు, స్టాండు ఆ భుజానికే వేలాడేశాను మరి. పుస్తకాల సంచి బరువని తొమ్మిదో తరగతిలో బడి మానేసినవాణ్ణి, దానికి నాలుగింతల సంచి మోశాను. దేవుడికి నాకంటే వెటకారం ఎక్కువ.

రెండేళ్ళ కిందట ఆ సామాను మొత్తం ఇచ్చేసి, జేబులో పట్టే చిన్న జూమ్ కెమెరా తీసుకున్నాను. దీని లెన్సు ఊడదు, మార్చే పని లేదు. మీట తిప్పితే తాబేలు తలలా బయటికొచ్చి, దూరాన ఉన్నదాన్ని దగ్గరికి లాక్కొస్తుంది. ఫంక్షన్లలో నన్ను చూసి, "ఏటి బావా, పెద్ద కెమెరా పిల్లనెట్టిందేటి?" అంటారు. "ఎట్టింది, తల్లి ఇంకా మంచం మీదే ఉంది" అంటాను. ఎందుకు మారుస్తున్నావని కొట్టువాడు అడిగితే భుజం నొప్పి అన్నాను. నొప్పి నిజమే. అబద్ధం చెప్పేటప్పుడు ఒక నిజాన్ని తోడు తీసుకెళ్ళడం నాకు అలవాటు.

అసలు సంగతి ఫిషింగ్ హార్బర్లో జరిగింది.

ఎండాకాలం చేపల వేట నిషేధం ముగిసి, మరబోట్లు మళ్ళీ సముద్రంలోకి వెళ్ళే రోజు అది. పూజ ఫోటోలు తీయమని ఒక బోటు ఓనరు నన్ను పిలిచాడు. ఆ బోటులో వల లాగే కళాసీ ఒకడు నా స్నేహితుడే. ఇద్దరం ఒకే రోజు బడి మానేశాం. వాడు వేటకి పోయాడు, నేను స్టూడియోకి. చుట్టరికం లేకపోయినా బావా అంటే బావా అనుకునేవాళ్ళం. ఆ లెక్కన వాడి భార్య నాకు చెల్లెలైంది.

పూజకి గుంపంతా పట్టాలని వెడల్పు లెన్సు బిగించాను. పూజ ఫోటోలయ్యేసరికి తాడు విప్పేశారు, బోటు కదిలింది. ఆ లెన్సులో వాడు అగ్గిపుల్లంత కనబడుతున్నాడు. జెట్టీ మీద గొంతుక్కూర్చుని, పాత లెన్సు మోకాళ్ళ మధ్య, దాని మూత పళ్ళ మధ్య పెట్టుకుని, సంచిలోంచి పెద్ద లెన్సు తీశాను. వాడేమో అటు తిరిగి తాడు చుడుతున్నాడు. మూత ఊసేసి అరిచాను.

"ఓరి బావా! ఒక్కసారి ఇటు సూడరా!"

పక్కన చేపలు ఎండబెడుతున్న ముసలమ్మ ఉలిక్కిపడింది. "ఏటిరా నీకు? ఏటకెల్లేవోడ్ని ఎనకనుంచి పిలుత్తావేటి?"

బోటు కదిలాక ఒడ్డు మీంచి ఎవరూ పిలవరు. అన్నం క్యారేజీ మర్చిపోయినా పిలవరు. ఆ సంగతి నాకూ తెలుసు. "నా కెమెరాకి శకునాలు తెల్దు పెద్దమ్మా" అని మరో రెండు కేకలు వేశాను.

మూడో కేకకి వాడు తిరిగాడు. నవ్వాడు. చెయ్యెత్తి ఊపాడు. ఏదో అన్నాడు, ఇంజను మోతలో వినబడలేదు. లెన్సు టక్కుమని గాడిలో పడేసరికి మళ్ళీ వీపు. అదే నొక్కాను.

ఐదు రోజులకి బోటు వచ్చింది. వాడు రాలేదు. వల లాగుతుండగా కెరటం లాక్కుపోయిందన్నారు. వెతికారు. దొరకలేదు.

ఇంట్లో ఆధార్ ఫోటోనే పెద్దది చేయించి పెట్టారు. అందులో వాడు పోలీస్ స్టేషన్‌కి సంతకం పెట్టడానికి వచ్చినవాడిలా ఉంటాడు. చెల్లి నా దగ్గరికి వచ్చి, "అన్నయ్యా, ఆ రోజు నువ్వు పోటోలు తీసినావంట గదా. నవ్వుతున్నది ఒకటియ్యి" అంది. పూజ ఫోటోల్లో వాడు తల వంచుకునే ఉన్నాడు. కార్డు పాడైపోయిందన్నాను. లెన్సు మార్చేలోపు తప్పిపోయిందని చెప్పొచ్చు. కానీ ఆ వెంటనే, ఏటకెళ్ళేవాడు ఇటెందుకు తిరిగాడని అడుగుతుంది. దానికి నా దగ్గర జోకు లేదు.

ఆ వారమే పెద్ద సామాను ఇచ్చేశాను.

నిరుడూ ఈ ఏడూ, ఎవరూ పిలవకపోయినా, బోట్లు వెళ్ళే రోజు జెట్టీ మీదికి పోయాను. చిన్న కెమెరా హార్బరు నోటి దగ్గరున్న బోటుని కూడా అరచేతిలోకి తెచ్చేస్తుంది. తాడు చుడుతున్న ఏ వీపైనా ఆ తెర మీద వాడి వీపే. అదే బనియను, అదే వంగడం. ఇప్పుడు తిరుగుతాడని ఊపిరి బిగబట్టి చూస్తాను. తిరిగితే నిజంగా వాడే అవుతాడేమోనని భయం కూడా. నోరు మాత్రం తెరవను. బుద్ధెరిగాక నేను నోరు మూసుకునేది ఆ పావుగంటే.

ఈ ఏడు చెల్లి అక్కడే ఉంది. ఇప్పుడు ఎండుచేపలు అమ్ముతోంది. తట్ట దించి నా పక్కన కూర్చుని, "ఏదీ, నీ బుల్లి కెమెరా సూపించు" అని లాక్కుంది. ఒక్కో ఫోటో జరుపుతూ పోయింది.

"ఏటన్నయ్యా, అన్నీ ఈపులే! మొకం ఒక్కటీ లేదు. నీ నోటికేటైనాది? తాడిప్పకముందే ఒక కేకెయ్యలేపోనావా?"

"ఇప్పినాకే ఏసినాను సెల్లీ. ఆ రోజు."

జరుపుతున్న వేలు ఆగిపోయింది.

"నువ్వా?"

"నానే. మూడు కేకలు."

"తిరిగినాడా?"

"తిరిగినాడు. నవ్వినాడు. కార్డు పాడవలేదు సెల్లీ. నాను లెన్సు మారుత్తన్నాను."

కెమెరా నా చేతికివ్వలేదు. నేల మీద పెట్టి లేచింది. వీధిలో ఎప్పుడు కనబడినా తట్ట తలకెత్తేది నేనే, అలవాటుగా వంగాను. "నువ్వొద్దు" అని, అవతల వల బాగుచేస్తున్న ఆవిణ్ణి పిలిచి ఎత్తించుకుంది. నడిచింది. నేను పిలవలేదు. ఐసు ఫ్యాక్టరీ మలుపు దగ్గర తనే ఆగింది. వెనక్కి తిరగకుండానే అడిగింది.

"సెయ్యూపినాడా?"

"ఊపినాడు."

"ఏ సెయ్యి?"

"ఎడం సెయ్యి. కుడిసేత్తో తాడట్టుకున్నాడు."

తట్ట కింద ఆమె మెడ కాస్త కదిలింది. అటు చూస్తూనే మలుపు తిరిగిపోయింది.