తెల్ల గుడ్డముక్క కట్టిన వైరు

నిన్న మచిలీపట్నంలో ఒక ఇంటి పాత మెయిన్ బోర్డు విప్పగానే, కరిగిన నల్లటేపు జిగురు వాసన గుప్పుమంది. ఆ వాసన వస్తే చాలు, యేసుపాదం గారు పక్కన నిలబడి "చెయ్యి పెట్టమాకే అమ్మాయ్, ముందు చూడు" అని కసురుతున్నట్టే ఉంటుంది నాకు. గుడివాడలో వైరింగ్ కాంట్రాక్టరు ఆయన. ఐటీఐ చదివిన ఆడపిల్లని పనిలో పెట్టుకోవడానికి ఎవరూ ముందుకు రాని రోజుల్లో, "కరెంటుకి ఆడామగా తేడా తెలీదులే, రా" అన్న మనిషి.

వినయం మాత్రం ఆయన దగ్గర బొత్తిగా లేదు. తనకి దొరకని ఫాల్టు ఈ జిల్లాలో పుట్టలేదని టీకొట్టు దగ్గర చెప్పుకునేవారు. పాత బోర్డు తీసి కొత్తది పెట్టేటప్పుడు ఆయనకో పద్ధతి ఉండేది. భార్య కుట్టుమిషను దగ్గర మిగిలిన గుడ్డముక్కలు సంచిలో తెచ్చి, ఏ గది వైరుకి ఆ రంగు కట్టేవారు. వంటింటికి ఎరుపు, మోటారుకి ఆకుపచ్చ. ఎక్కడికి వెళ్తుందో తెలియని వైరుకి తెలుపు. ఆ తెల్లముక్క విప్పే అవకాశం వచ్చేదాకా ఇల్లు వదిలేవారు కాదు, ఇంటివాళ్లు ఎంత విసుక్కున్నా సరే.

ఒకసారి అవనిగడ్డ దగ్గర ఒక ఇంటికి వెళ్లాం. అన్నదమ్ములు పంచుకుని నడిమధ్య గోడ కట్టుకున్న ఇల్లు. మీటర్లు వేరు, మాటల్లేవు. తమ్ముడి భార్య పెరట్లో మోటారు దగ్గర షాక్ కొట్టి పడిపోవడంతో, తమ్ముడు భయపడి మమ్మల్ని పిలిపించాడు. మోటారు బాగుచేసి, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే ట్రిప్ స్విచ్చి కొత్త బోర్డులో పెట్టాం. పాత బోర్డులో, వాడిన కరెంటు తిరిగొచ్చే న్యూట్రల్ వైర్ల కట్టలో ఒకటి ఎక్కడిదో తెలియక, దానికి తెల్లముక్క కట్టి, పాత బోర్డులో ఉన్నట్టే కొత్తదాంట్లోనూ కలిపాం. పెట్టాం గానీ ఆ స్విచ్చి నిలిస్తేగా! ఉన్నట్టుండి టక్కున పడిపోయేది. ఇంట్లో అన్నీ ఆపినా అంతే, వేరే స్విచ్చి తెచ్చి మార్చినా అంతే.

"ఈ దిక్కుమాలిన స్విచ్చి పీకేసి డైరెక్టుగా ఇచ్చెయ్యండి. ఎప్పుడూ లేని గోల!" అన్నాడు తమ్ముడు.

"ఇచ్చేస్తానండీ. ఆ మోటారు మళ్లీ లీకైతే అమ్మగార్ని లేపేదెవరు?" అన్నారు యేసుపాదం గారు. ఆవిడ కట్టు కట్టిన చేత్తో గుమ్మం పక్కనే నిలబడి ఉంది.

అంతలో గోడవతల మిక్సీ గర్రుమంది. ఇక్కడ టక్! అక్కడ మిక్సీ కూడా ఆగిపోయింది. "మళ్లీ మా కరెంటు తీసేశారు, వీళ్ల చేతులు పడిపోను!" అని అన్నగారి భార్య శాపనార్థాలు మొదలుపెట్టింది. స్విచ్చి ఎత్తాం. మిక్సీ తిరిగింది, మళ్లీ టక్. ఆ తిట్లు వింటూ యేసుపాదం గారు ముఖం చాటంత చేసుకున్నారు.

"ప్రభువా! దొరికిందే అమ్మాయ్. తెల్లముక్క ఆవిడ వంటింటిది. కరెంటు వాళ్ల మీటర్లోంచి మిక్సీకి వెళ్లి, తిరిగి మన బోర్డులోకి వస్తోంది. మనం పంపని కరెంటు తిరిగొస్తుంటే, లీకనుకుని స్విచ్చి పడిపోతోంది. ఇల్లు పంచుకున్నారు గానీ అటక మీద వైర్లు విడదీయలా!"

"వాళ్లింటికి వెళ్తే మళ్లీ నా గడప తొక్కమాకండి" అన్నాడు తమ్ముడు.

"అట్టాగేనండీ" అంటూ ఆయన చెప్పులేసుకుని బయల్దేరారు. బిక్కుబిక్కుమంటూ వెనకాలే వెళ్లాను.

అన్నగారు వాకిట్లోనే ఆపారు. "వాడు పంపాడా?"

"వెళ్లొద్దన్నారండీ. మీ మరదలు గారు మోటారు దగ్గర షాక్ కొట్టి పడిపోయారు, చేతికి దెబ్బ తగిలింది. మీ అటక మీద జాయింటు విప్పకపోతే ఆవిడకి రక్షణ లేదు."

"పడిపోయిందా? మాకెవరూ చెప్పలేదే!" అంటూ పెద్దాయన తనే నిచ్చెన తెచ్చి వేశాడు. ఆ వైరు విడదీసి వాళ్ల బోర్డుకే కలిపాం. అవతల మిక్సీ, ఇవతల మోటారు ఒకేసారి తిరిగాయి. స్విచ్చి నిలబడింది.

మేం తిరిగొచ్చి తమ్ముడి పెరట్లో సామాన్లు సర్దుకుంటుంటే గోడవతల నుంచి పెద్దాయన గొంతు వినిపించింది. "అమ్మాయ్, చెయ్యి ఎట్టా ఉంది?"

"తగ్గిందండీ బావగారూ" అంది ఆవిడ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. తమ్ముడు లోపలికెళ్లి మాకు టీ తెచ్చాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. యేసుపాదం గారు మాత్రం బస్సులో గుడివాడ దాకా తన గొప్పే చెప్పుకుంటూ వచ్చారు.

ఇప్పుడాయన లేరు. ఆ గుడ్డముక్కల సంచి ఆయన భార్య నా చేతిలో పెట్టారు. అందులో తెల్లముక్కలన్నీ ఆయన ఆదివారాలు చర్చికి వేసుకునే చొక్కాలవే. నిన్న మచిలీపట్నంలో ఆ ఇంటాయన, "ఆ వైరు ఎక్కడిదో ఎవరికీ తెలీదు, కత్తిరించి పారెయ్యమ్మా" అన్నాడు. నేను సంచిలోంచి తెల్లముక్క తీసి దానికి కట్టి, చెప్పులేసుకుని వెళ్లి పక్కింటి తలుపు కొట్టాను.