మా పిల్లికి నా కూతురు పెట్టిన సూదులు

ఇది ఎప్పుడో రాయాల్సిన సంగతి. నాకు రాయడం రాదు. మా నాన్న రైల్వే గ్యాంగు పనికి శ్రీకాకుళం వైపు నుంచి ఈ బస్తర్ అడవుల్లోని బచేలి వచ్చినప్పుడు ఇక్కడి బడిలో హిందీ ఒక్కటే చెప్పేవారు. ఆ భాష నా నోటికి పట్టుబడేసరికి చంకలోకి తమ్ముడు, నెత్తి మీదకి నీళ్ల బిందె వచ్చేశాయి. తర్వాత పెళ్లి. మా ఆయనదీ ఈ లైన్లోనే ఉద్యోగం. ఆయన రిటైరయ్యాక, చర్చిలో ఆదివారం బడి పిల్లల వెనక బెంచీ మీద కూర్చుని తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. ఇప్పుడు రాయగలను కాబట్టి ముందుగా నా కూతురి సంగతే రాస్తున్నాను.

నా కూతురు పశువుల డాక్టరు. అప్పట్లో జగదల్‌పూర్‌లో పని చేసేది. ఆ ఏడు మా క్వార్టర్లలో పిల్లులు విపరీతంగా పెరిగాయి. ఇనప గనుల దుమ్ములో దొర్లి ఏ పిల్లి అయినా ఎర్రగానే కనబడేది. కాలనీ పెద్దలు వాటిని గోనెల్లో కట్టి అడవిలో వదిలించేస్తామన్నారు. నా కూతురు వచ్చి, ఆడపిల్లులకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేస్తాను, తరిమెయ్యకండి అని వాళ్లని ఒప్పించింది. తీరా చూస్తే, పిల్లిని ఇవ్వడానికి ఏ ఇంటావిడా ఒప్పుకోలేదు. కోసిన నొప్పికి చచ్చిపోతుందని భయం.

"ముందు మా అమ్మ పిల్లికే చేస్తాను. మీరే వచ్చి చూడండి" అంది నా కూతురు.

మా పిల్లి నొప్పితో ఏడిస్తే ఇంకెవరూ తీసుకురారు. అన్నీ గోనెల్లోకి పోతాయి.

నొప్పి తగ్గడానికి సూదులు పెడతానని కూడా చెప్పింది. సూదితో నొప్పి తగ్గించడమంటే నాకు తెలిసింది ఒకటే. మా వైపు పసిపిల్లలకి కడుపునొప్పి వస్తే సూది ఎర్రగా కాల్చి పొట్ట మీద వాత పెట్టేవారు. ఇక్కడ బస్తర్‌లో నాటువైద్యం చేసే గునియా కూడా అలాగే పెడతాడు. నా బొడ్డు పక్కన ఆ మచ్చ ఇంకా ఉంది. అందుకని ఆ రోజు కుంపటి రాజేసి, బొగ్గులు కణకణలాడుతుంటే, ఆపరేషన్లకి కాలనీవాళ్లిచ్చిన క్లబ్బు పక్క గదికి మోసుకెళ్లాను.

నా కూతురు గుమ్మంలోనే ఆపేసింది. "ఏటమ్మా ఇది? చేపలు కాలుస్తావా ఇక్కడ?"

"సూదులు కాలొద్దేటే?"

"నా తల్లే! లోపల స్పిరిట్ ఉంది. ముందు దాన్ని దూరంగా పెట్టు."

కిటికీ దగ్గర మూగిన ఆడవాళ్లు పగలబడి నవ్వారు. "ఎలాగూ తెచ్చావు కదొదినా, టీ పెట్టీ. మీ అమ్మాయి డాక్టరో గునియావో ఇయ్యాల తేలిపోద్ది" అంది మా పక్కింటామె.

నా కూతురు వెంట్రుకంత సన్నటి సూది ఒకటి తీసి, తన బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గుచ్చుకుని కిటికీ దగ్గర చెయ్యి చాపింది. "సూడత్తా, ఇది ఆక్యుపంక్చర్ సూది. నెత్తురు కూడా రాలేదు. కోత తెలీకుండా మత్తుమందు ఏరే ఇస్తాను. ఈ సూదులూ, నొప్పి మందూ కలిస్తే తెలివొచ్చాక నొప్పి తక్కువుంటాది."

పక్కింటామె ఆ చేతిని అటూ ఇటూ తిప్పి చూసింది.

పిల్లిని తువ్వాలులో చుట్టి నేనే పట్టుకున్నాను. నడుముకి రెండు వైపులా, వెనక కాళ్లకి మోకాళ్ల కింద, చోటు వేలితో తడిమి చూసుకుంటూ సూదులు పెట్టింది. మొదటి సూదికి పిల్లి చెవులు వెనక్కి వాల్చింది. కాసేపటికి దాని ఒళ్లు మెత్తబడి తల నా అరచేతిలో పెట్టేసింది. అప్పుడు నేను పిల్లిని చూడడం మానేసి నా కూతురి చేతుల్ని చూశాను. ఎక్కడా తొట్రుపాటు లేదు. ఈ చేతుల్ని కన్నది నేనే కదా అనుకున్నాను.

తర్వాత మత్తుమందు ఇచ్చి నన్ను బయటికి పంపేసింది. పక్కింటామె నిజంగానే కుంపటి మీద టీ పెట్టి అందరికీ పోసింది.

మత్తు వదిలేవేళకి అందరం మళ్లీ కిటికీ దగ్గర చేరాం. పిల్లి కళ్లు తెరిచి లేవబోయి తూలింది. నా కూతురు కుట్ల పక్కన మెల్లగా వేలితో నొక్కింది. పిల్లి అరవలేదు, కరవలేదు. తల తిప్పి ఆ వేలికేసి చూసి మళ్లీ పడుకుంది.

"ఓలమ్మ! పిల్లలు చాలని నాకు ఆపరేషన్ చేసినప్పుడు మంచం కోడు పట్టుకుని వార్డంతా దద్దరిల్లేలా అరిచాను. ఇదేటి, ఇలా సూస్తంది?" అంది పక్కింటామె. "పాపా, ఆ సూదులు అప్పుడెక్కడికెళ్లాయే?"

"నేనప్పుడు ఒకటో క్లాసత్తా" అంది నా కూతురు. అందరూ నవ్వారు.

పక్కింటామె వెళ్తూ వెళ్తూ, "రేపు మాదాన్ని తెస్తాను" అంది. ఆమె వెనకే ఇంకో ఇద్దరు ముగ్గురు అదే మాట అన్నారు.

మర్నాడు తెల్లారగానే పండక్కి కట్టుకునే చీర కట్టుకుని క్వార్టర్లన్నీ తిరిగాను. పిల్లి ఉన్న ప్రతి ఇంటి తలుపూ కొట్టి, ఆపరేషన్‌కి పిలిచేదాకా దానికి తిండి పెట్టొద్దని చెప్పాను. అందరూ నన్ను ఏళ్లుగా ఎరిగినవాళ్లే. అయినా ప్రతి గుమ్మంలోనూ, తెలుగువాళ్లకి తెలుగులో, మిగతావాళ్లకి హిందీలోనో ఇక్కడివాళ్ల హల్బీ భాషలోనో, ముందు ఒకే మాట చెప్పాను: నేను డాక్టరమ్మ తల్లిని.