అన్నయ్య అడిగిన సెన్సర్

మా అన్నయ్య వలలు బాగుచేసేవాడు. మొగల్తూరు అవతల, సముద్రం ఒడ్డున ఉన్న మా ఊళ్లో వల ఎవరిది చిరిగినా ఆయన దగ్గరికే వచ్చేది. యాభై నిండకుండానే ఆయన కుడిచేతి బొటనవేలు వణకడం మొదలైంది. నీరసం అనుకున్నాం. రాజమండ్రి డాక్టరుగారు చూసి పార్కిన్సన్స్ అన్నారు. మెదడులో డోపమిన్ అనే రసాయనం తగ్గిపోతోందట.

ఆ పేరు నాకు కొత్త కాదు. నేను బెంగళూరులో ఒక ల్యాబులో టెక్నీషియన్ని. ఆ డోపమిన్‌ని కొలిచే సెన్సర్లు తయారుచేయడమే నా పని. వెంట్రుక కంటే సన్నటి కార్బన్ పోగుని గాజుగొట్టంలోకి ఎక్కించి, కొస మాత్రం బయటికి ఉంచుతాను. దాన్ని ఎలుక మెదడులో అమరుస్తారు. ఎలుక నోట్లో పంచదార నీళ్ల చుక్క పడగానే డోపమిన్ పెరిగి కంప్యూటర్ మీద గీత పైకి లేస్తుంది.

ఇదంతా అన్నయ్యకి చెప్పాను.

"అది ఎంత ఉందో చెబుతుందా, లేనిది పోస్తుందా?" అన్నాడు.

"చెబుతుందంతే."

"ఎంత ఉందో నాకు తెలుస్తూనే ఉంది గదమ్మా."

రెండేళ్లు గడిచేసరికి ఆయనే ఆ మాట మార్చుకున్నాడు. డోపమిన్ పెంచే మాత్ర చాలకపోతే గుమ్మం దగ్గరే కాళ్లు అతుక్కుపోయి నిలబడిపోయేవాడు. ఎక్కువైతే ఒళ్లంతా మెలికలు తిరిగేది. వదిన ఏ మాత్ర ఎప్పుడు వేసిందో, ఎప్పుడు లేచి నడిచాడో పుస్తకంలో రాసేది. డాక్టరుగారు అది చూసి అంచనా మీద మాత్రలు మార్చేవారు.

"నీ సెన్సర్ నా తలలో పెడితే ఈ అంచనాలుండవు కదా. మీ ల్యాబు సారుని అడుగు. నేను సంతకం పెడతాను," అన్నాడు అన్నయ్య.

అడిగాను. సారు నన్ను కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పారు. "మనుషులకి పెట్టడానికి మనకి అనుమతి లేదండి. ఉన్నా, మన సెన్సర్ ఎన్నాళ్లు పనిచేస్తుందో మీకు తెలుసు కదా."

నాకు తెలుసు. మెదడు దాన్ని పరాయి వస్తువనుకుని చుట్టూ కణాలతో గోడ కట్టేస్తుంది. కొన్ని వారాలకే గీత చచ్చుబడిపోతుంది. ఆ గీతలు గీసిన కాగితాలు ఫైల్లో పెట్టేది నేనే.

అన్నయ్యకి మాత్రం, "చూద్దామన్నారు," అని చెప్పాను.

ఆ తర్వాత ఫోన్ చేసినప్పుడల్లా, "ఏమన్నారమ్మా?" అనేవాడు. "ఇంకా టైం పడుతుందన్నయ్యా," అనేదాన్ని. ఒకసారి ఊరికి వెళ్తూ పనికిరాని సెన్సర్ ఒకటి డబ్బాలో పెట్టి తీసుకెళ్లాను. మాత్ర పనిచేస్తూ చెయ్యి నిలకడగా ఉన్న గంటలో చూపించాను. అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. అంతలో చెయ్యి వణికింది. అది కింద పడి ముక్కలైంది.

"పాడుచేశానా?"

"అది ముందే పాడైందిలే."

వదిన ఎవరి కాలికైనా గుచ్చుకుంటుందని గదంతా రెండుసార్లు ఊడ్చింది. ఆయన ఆ చేతిని పంచె మడతలో దాచుకుని గోడవైపు తిరిగిపోయాడు. సెన్సర్ గురించి మళ్లీ అడగలేదు. నేనూ నిజం చెప్పలేదు. అడగడం మానేశాడు కదా అని ఊపిరి పీల్చుకున్నాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే అసహ్యం.

మొన్న వేసవిలో వెళ్లాను. ఇప్పుడాయన మంచం దిగడు. ముఖంలో నవ్వూ లేదు, కోపమూ లేదు. మింగడం కష్టమై వదిన మాత్రని నూరి నీళ్లలో కలిపి పడుతోంది. పుస్తకం రాయడం మానేసింది.

"రాసి ఏం చేస్తాం అమ్మాయ్? అన్ని గంటలూ ఒకటే అయిపోయాయి," అంది.

పక్కన కూర్చుని, అప్పుడు సారు అన్నది ఇదీ అని మొత్తం చెప్పేశాను. విన్నాడో లేదో తెలియలేదు. గడ్డం మీదికి కారిన నీళ్లు తుడిచాను.

సోమవారం మళ్లీ ల్యాబుకి వెళ్లాను. మైక్రోస్కోపు కింద ఆరు సెన్సర్లు చేశాను. అందులో నాలుగు బాగా వచ్చాయి.